నవల చదివాక ముందు గిన్నెలు ఎవరు తోమారో వెతకండి

ఫిబ్రవరి వచ్చిందంటే కిషన్‌పురలోని మా ఇంటి మెట్ల మీద చెప్పుల జతలు పెరుగుతాయి. పీజీ రెండో ఏడాది పిల్లలు, ఎక్కువగా ఆడపిల్లలే. పరకాల, నర్సంపేట, జనగామ, భూపాలపల్లి బస్సులు దిగి వస్తారు. చేతిలో ఒక సన్నటి ఇంగ్లిష్ నవల, ఫోన్‌లో నలభై పీడీఎఫ్‌లు, మొహాల్లో టెన్షన్. అందరిదీ ఒకటే ప్రశ్న: "మేడం, ప్రాజెక్టులో ఫెమినిస్ట్ అప్రోచ్ పెట్టమన్నరు. ఎట్ల పెట్టాలె?"

ఫెమినిస్ట్ అప్రోచ్ అంటే స్త్రీవాద దృష్టితో చదవడం. పెట్టడానికి అదేమైనా బొట్టా? పేపరంతా మామూలుగా రాసేసి, చివర్లో నుదుటి మీద ఇంత పెట్టి పంపిస్తే సరిపోతుందా? నేను హన్మకొండలో పదహారేళ్లుగా గెస్ట్ ఫ్యాకల్టీగా ఇంగ్లిష్ చెప్తున్నాను. (గెస్ట్ అంటే ఏ ఏడాదికి ఆ ఏడాది చుట్టమే. ఆ కథ ఇంకోసారి.) ఆ పిల్లలకు ఇన్నేళ్లుగా నోటితో చెప్తున్నదే ఇక్కడ రాస్తున్నాను. చూపించడానికి ఒకే నవల తీసుకుంటాను. వర్జీనియా వుల్ఫ్ రాసిన 'టు ద లైట్‌హౌస్', 1927లో వచ్చింది. మీ సిలబస్‌లో వేరే నవల ఉన్నా పద్ధతి ఇదే.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. స్కాట్లండ్‌లో స్కై అనే దీవి. రామ్సే అనే తత్వశాస్త్రం ప్రొఫెసర్, ఆయన భార్య, ఎనిమిది మంది పిల్లలు, వచ్చిపోయే అతిథులు సెలవులకు అక్కడి ఇంట్లో ఉంటారు. ఆరేళ్ల జేమ్స్‌కి రేపు పడవలో లైట్‌హౌస్‌కు వెళ్లాలని ఆశ. వాన లేకపోతే వెళ్దాం అంటుంది తల్లి. రేపు బాగుండదు అంటాడు తండ్రి. మొదటి భాగమంతా ఆ ఒక్క సాయంత్రమే. రెండో భాగంలో పదేళ్లు గడిచిపోతాయి, మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం, ఆ ఇంట్లో మూడు చావులు. మూడో భాగంలో మిగిలినవాళ్లు ఒక పొద్దున ఎట్టకేలకు లైట్‌హౌస్‌కు బయల్దేరతారు. లిలీ బ్రిస్కో అనే పెళ్లి చేసుకోని చిత్రకారిణి, పదేళ్ల కింద తేలని బొమ్మను ఒడ్డున నిలబడి మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేస్తుంది.

"దీంట్ల కథేం లేదు కద మేడం" అంటారు పిల్లలు. లేదు, నిజమే. మన పనికి అది మంచిదే. కథ పరిగెడుతుంటే దాని వెనక పరిగెడతాం. ఏమీ జరగని ఇంట్లో అయితే, రోజంతా కదులుతూనే ఉన్న మనుషులు కళ్లబడతారు.

సిద్ధాంతం పుస్తకాలు కొన్నాళ్లు మంచం కింద పెట్టండి

నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు ఈ నవల మీదే మొదటి సెమినార్ పేపర్ రాశాను. పెద్ద పెద్ద పేర్లన్నీ దించాను. మా సార్ పేపర్ తిరిగిచ్చినప్పుడు చూస్తే 'పితృస్వామ్యం' అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఎర్ర ఇంకు గుండ్రం. మొత్తం ఇరవై ఏడు గుండ్రాలు. అడుగున ఒకే ప్రశ్న రాశారు: "రామ్సే భార్య ఎలా చనిపోయింది?"

నాకు తెలియదు. ఆమె చనిపోయిందని మాత్రం మూడో భాగంలో అర్థమైంది. ఎప్పుడు, ఎక్కడ అన్నది నేను చూడనే లేదు. ఆమె కోసం 'పితృస్వామ్యం' అని ఇరవై ఏడు సార్లు ఏడ్చినదాన్ని, ఆమె చావు ఉన్న పేజీని దాటి వెళ్లిపోయాను.

తర్వాత వెతికితే రెండో భాగంలో దొరికింది. స్క్వేర్ బ్రాకెట్ల మధ్య ఒక్క వాక్యం. దాన్ని తెలుగులో చెప్పుకుంటే సుమారుగా ఇలా ఉంటుంది: ఒక చీకటి పొద్దున నడవాలో తడబడుతూ వస్తున్న రామ్సే చేతులు చాచాడు, ముందు రాత్రే భార్య ఉన్నట్టుండి చనిపోవడంతో ఆ చేతులు ఖాళీగా ఉండిపోయాయి.

ఇక్కడ ఆగండి. స్కూల్లో నేర్చుకున్న కర్త, క్రియ బయటికి తీయండి. ఈ వాక్యానికి కర్త ఎవరు? రామ్సే. అసలు క్రియ? చేతులు చాచడం. మరి ఆమె చావు? 'చనిపోవడంతో' అని వాక్యం మధ్యలో ఒక కారణంగా ఇరుక్కుంది. అప్పటిదాకా సగం నవలను మోసిన మనిషి, భర్త చేతులు ఎందుకు ఖాళీగా ఉన్నాయో చెప్పడానికి పనికొచ్చే కారణం అయిపోయింది. నా ఇరవై ఏడు గుండ్రాలు చెప్పలేనిది ఈ ఒక్క వాక్యం చెప్తుంది, వ్యాకరణంతోనే.

ఇది చూడగానే పిల్లలు ఎగిరి గంతేస్తారు. "దొరికింది మేడం, ఆడవాళ్ల చావుకు విలువ లేదని రాస్త." తొందరపడొద్దు. ఆ భాగంలోని మిగతా బ్రాకెట్లన్నీ తెరిచి చూడండి. పెద్ద కూతురు ప్రూ పెళ్లి ఒక బ్రాకెట్, కాన్పుకు సంబంధించిన జబ్బుతో ఆమె చావు ఇంకో బ్రాకెట్. ఫ్రాన్స్‌లో ఫిరంగి గుండు పేలి చనిపోయిన కొడుకు ఆండ్రూ కూడా బ్రాకెట్లోనే. అంటే ఇది ఆడవాళ్లకు మాత్రమే జరిగిన అన్యాయం అంటే నిలవదు. అయితే బ్రాకెట్ల బయట ఏముంది? ఖాళీ ఇంట్లోకి దూరిన గాలి, తేమ, దుమ్ము, బూజు, చివరికి వచ్చి ఊడ్చి కడిగిన ముసలి పనిమనిషి. పెళ్లి, యుద్ధం, చావు అన్నీ బ్రాకెట్లలోకి పోయి, చరిత్ర పుస్తకంలో ఎప్పుడూ చోటు దొరకని చీపురు, తడిగుడ్డ పేజీ నిండా పరుచుకున్నాయి. వాదన అక్కడ దొరుకుతుంది. మొదటి ఉత్సాహంలో ఆగిపోయి ఉంటే ఇది కనబడదు.

నాలుగు గడులు గీయండి

మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ ముట్టుకోకండి, కథ తెలిస్తే చాలు. రెండోసారి ఒక రూళ్ల నోట్‌బుక్ తీసుకుని నాలుగు గడులు గీయండి. పని. చేసిందెవరు. అనుభవించిందెవరు. పేరొచ్చిందెవరికి.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. నవలలో రామ్సే భార్యే ఈ పని చేస్తుంది. ఆమె పేదల ఇళ్లకు వెళ్లినప్పుడు చేతిలో ఒక నోట్‌బుక్, పెన్సిల్ ఉంటాయి. పద్ధతిగా గీసుకున్న గడుల్లో వాళ్ల కూలి ఎంత, ఖర్చు ఎంత, పని ఉందా లేదా రాసుకుంటుంది. ఊరికే దానం చేసే అమ్మగారిలా కాకుండా, సమాజాన్ని పరిశోధించే మనిషిని కావాలని ఆమె లోపల కోరిక. భర్తను పండితుడిగా అందరూ చూస్తారు. ఈమె నోట్‌బుక్ మాత్రం సంచిలోనే ఉండిపోయింది. ఆ నోట్‌బుక్‌ను మనం తీసుకుందాం.

ఒక వరస నింపి చూపిస్తాను. మొదటి భాగం చివర్లో పెద్ద విందు ఉంటుంది, పదిహేను మంది కూర్చుంటారు. ఆ రోజు ప్రత్యేకం ఫ్రెంచ్ పద్ధతిలో సన్నని మంట మీద ఉడికించిన బీఫ్, మన మాటలో పెద్దకూర. (ఈ మాట సెమినార్లో పలకడానికి కొందరు మొహమాటపడతారు. పలకండి, సాహిత్యం ఏమీ మైలపడదు.) మూత తీయగానే ఆలివ్‌లు, నూనె, మాంసం రసం కలిసిన వాసన లేస్తుంది. బ్యాంక్స్ అనే పెద్దమనిషి రుచి చూసి ఆహా అంటాడు. రామ్సే భార్య సంతోషంగా, ఇది మా నానమ్మ నాటి ఫ్రెంచ్ వంటకం అంటుంది.

ఇప్పుడు గడులు నింపండి. చేసిందెవరు? మిల్డ్రెడ్ అనే వంటామె, మూడు రోజులు దాని మీదే ఉంది. తెచ్చి మూత తీసిందెవరు? మార్త్ అనే పనమ్మాయి. ఆ ఇంట్లోనే పనిచేసే స్విట్జర్లాండ్ పిల్ల తండ్రి గొంతు క్యాన్సర్‌తో అక్కడ ఊళ్లో చావుబతుకుల్లో ఉన్నాడని మనకు ముందే తెలుసు. తిన్నదెవరు? పదిహేను మంది. పేరొచ్చిందెవరికి? ఇంటి ఇల్లాలికి. ఆమెకు మాత్రం ఏం మిగిలింది? వంట పాడవుతుందేమోనన్న దిగులు, ఎవరు ఎవరితో మాట్లాడట్లేదో చూసి కలిపే బాధ్యత, రెండోసారి సూప్ అడిగిన కవి మీద రుసరుసలాడుతున్న మొగుణ్ణి చూపుతోనే ఆపాల్సిన పని.

ఒక్క వరసలో మూడు మెట్లు కనబడ్డాయి చూశారా. కింద మిల్డ్రెడ్, మధ్యలో ఇల్లాలు, పైన బల్ల చుట్టూ తింటున్నవాళ్లు. 'ఆడవాళ్లు అణగిపోయారు' అని ఒకే గాటన కట్టేస్తే ఈ మెట్లు కనబడవు.

ఇది మనకు కొత్త సంగతి కాదు. సంక్రాంతికి మా అత్తగారింట్లో సకినాలు చేసేటప్పుడు ఇరుగుపొరుగు ఆడవాళ్లు వస్తారు. ముందు రోజు బియ్యం నానబోసి, పిండి పట్టించి, నువ్వులు, ఓమ కలిపి, పాత నూలు చీర పరిచి దాని మీద చుట్టలు చుట్టలుగా సకినాలు తిప్పుతారు. నడుములు పట్టేస్తాయి. చివర్లో నూనె మూకుడు ముందు కూర్చునేది ఎప్పుడూ మల్లమ్మత్తే. ఆమె మాకు చుట్టం కాదు, మా ఇంట్లో బోళ్లు తోమేది. సాయంత్రం మా మామ ఒకటి విరిచి నోట్లో వేసుకుని, "ఈసారి మా కోడలు మంచిగ జేసింది" అంటాడు. నేను నవ్వి ఊరుకుంటాను. రామ్సే భార్య ఆ విందులో ఎందుకు నవ్విందో నాకు విమర్శకుల పుస్తకాల కంటే ముందు ఆ మూకుడు దగ్గర తెలిసింది. నేను మల్లమ్మత్త పేరు ఎత్తలేదన్న సంగతి మాత్రం చాలా ఆలస్యంగా తట్టింది.

ఆ మాట ఎవరిది?

మూడోసారి చదివేటప్పుడు ఒకే పని పెట్టుకోండి. ప్రతి వాక్యం దగ్గరా, ఇది అనుకుంటున్నది ఎవరు అని అడగండి. తెలుగులో మనకు 'అనుకుంది', 'అంట', 'అట' ఉన్నాయి, మాట ఎవరిదో ఇట్టే తెలుస్తుంది. ఈ నవలలో కథ చెప్పే గొంతు ఒక మనిషి మనసులోంచి ఇంకొకరి మనసులోకి వాక్యం మధ్యలోనే జారిపోతుంది. పట్టుకోకపోతే ఘోరమైన తప్పులు వస్తాయి. ఒకమ్మాయి ప్రాజెక్టులో 'ఆడవాళ్లు బొమ్మలు వేయలేరు, రాయలేరు అని వుల్ఫ్ అభిప్రాయపడింది' అని రాసింది! ఆ మాట టాన్స్లీది. రామ్సే శిష్యుడు, పేదింట్లోంచి చదువుకుని పైకొచ్చినవాడు, అందరి ముందూ తక్కువైపోతానేమో అన్న భయంతో ఎదుటివాళ్లను తక్కువ చేసేవాడు. వుల్ఫ్ ఆ మాటను లిలీ చెవిలో పెట్టి, పదేళ్ల తర్వాత కూడా బ్రష్ పట్టుకోగానే అది మోగేలా చేసింది. కాబట్టి రాయాల్సింది ఆ మాట గురించి కాదు, అది లిలీ చేతి మీద ఏం చేసిందన్నది.

నాకు చాలా ఇష్టమైన చోటు విందులో లిలీ, టాన్స్లీ ఎదురెదురుగా కూర్చున్న సన్నివేశం. అతను మాట కలపలేక ఇబ్బంది పడుతున్నాడు. తన గురించి చెప్పుకోవడానికి ఎవరైనా ఒక సందు ఇస్తే బాగుండునని చూస్తున్నాడు. లిలీకి అది ఎక్స్‌రేలో ఎముకల్లా కనబడుతోంది. అప్పుడు ఆమె ఒక లెక్క వేసుకుంటుంది. లండన్‌లో భూగర్భ రైలుకు నిప్పంటుకుంటే నన్ను కాపాడటం ఇతని ధర్మం. అలాగే ఇతను మాటల్లో మునిగిపోతుంటే ఒడ్డున వేయడం నా ధర్మం అంటారు. ఇద్దరం ఆ పని చేయకపోతే ఏమవుతుంది? చూద్దాం. అని నవ్వుతూ ఊరుకుంటుంది.

ఎంత చిన్న సమ్మె అది! కాసేపే నడుస్తుంది. బల్ల ఆ చివరి నుంచి రామ్సే భార్య ఒక్క చూపు చూస్తుంది. ఆ చూపులో 'ఈ పిల్లాడితో ఒక మంచి మాట అనకపోతే నేను ఈ విందు నడపలేను' అన్న మొర ఉంది. లిలీ లొంగిపోతుంది. నన్ను లైట్‌హౌస్‌కు తీసుకెళ్తారా అని అతన్ని మర్యాదగా అడుగుతుంది. అతను కుదుటపడతాడు, మాటలు సాగుతాయి, విందు గట్టెక్కుతుంది. తాను నిజాయితీగా లేనని లిలీకి తెలుసు.

దీన్ని క్లాసులో చెప్పేటప్పుడు నేను ఒక ప్రశ్న అడుగుతాను. సమ్మెను విరగ్గొట్టింది ఎవరు? టాన్స్లీ కాదు, ఇంకో ఆడమనిషి. ఎందుకు విరగ్గొట్టింది? చెడ్డది అయ్యా? ఆమె అలిసిపోయింది, విందు మొత్తం ఆమె ఒక్కతె భుజం మీద ఉంది. ఈ రెండు సంగతులూ పట్టుకుని నాలుగు పేజీలు రాస్తే, మీ ప్రాజెక్టులో గట్టి అధ్యాయం ఒకటి అయిపోయినట్టే.

దీనికి జంటగా మూడో భాగంలో బూట్ల సన్నివేశం పెట్టండి. భార్య పోయిన రామ్సే లిలీ దగ్గరికి వచ్చి ఓదార్పు కోసం నిట్టూరుస్తూ నిలబడతాడు. ఆమెకు ఒక్క మాట రాదు. చివరికి ఏం తోచక, మీ బూట్లు భలే ఉన్నాయండీ అంటుంది. ఆయన వెలిగిపోతాడు! తాడు ఎలా కట్టాలో వంగి ఆమె బూటుకు మూడుసార్లు కట్టి, మూడుసార్లు విప్పి చూపిస్తాడు. నవ్వొస్తుంది, ఎక్కడో జాలి కూడా కలుగుతుంది. విందులో లిలీ అరువు మర్యాద ఇచ్చింది, ఇక్కడ తన దగ్గర ఉన్నదే ఇచ్చింది. ఈ రెండింటి మధ్య ఆమె ఏం నేర్చుకుందన్నది మీరు చెప్పాలి.

మన దగ్గర ఎక్కువగా జరిగే రెండు పొరపాట్లు

రామ్సే భార్యను సీతనో సుమతినో చేసేయడం మొదటిది. 'ఆదర్శ గృహిణి, త్యాగమూర్తి' అని మొదలవుతుంది. ఆమె అందంగా ఉంటుంది, అందరికీ పెడుతుంది, లైట్‌హౌస్ కాపలాదారు కొడుక్కి ఒంట్లో బాగాలేదని మేజోడు అల్లుతుంది. అంతా నిజమే. కానీ కనబడిన ప్రతి ఆడపిల్లకూ పెళ్లి చేయాలని చూసేది కూడా ఆమే. మింటాకూ పాల్‌కూ ముడి పెట్టింది, మూడో భాగంలో ఆ కాపురం సరిగా సాగలేదని తెలుస్తుంది. లిలీని బ్యాంక్స్‌కు కట్టబెట్టాలని చూసింది, లిలీ తప్పించుకుంది. లిలీ ఆమెను ప్రాణంగా ప్రేమిస్తుంది, ఆమె లోకంలోంచి పారిపోతుంది కూడా. ప్రతి పెళ్లిలో "నీదెప్పుడు బిడ్డా" అని అడిగే మేనత్తలు మనకూ ఉన్నారు, వాళ్ల చేతి ముద్ద తినే పెరిగాం. ఆ తికమకను తుడిచేయకుండా రాయండి.

రెండోది రచయిత్రి జీవితాన్ని నవల మీద అతికించేయడం. రామ్సే దంపతుల వెనక వుల్ఫ్ తల్లిదండ్రులు ఉన్నారు. తల్లి జూలియా 1895లో పోయేటప్పటికి వుల్ఫ్‌కు పదమూడేళ్లు. తండ్రి లెస్లీ స్టీఫెన్ పెద్ద పండితుడు, 1904లో పోయాడు. 1928లో ఆయన పుట్టినరోజున వుల్ఫ్ డైరీలో, నాన్న ఇప్పటికీ బతికి ఉంటే నా జీవితం ముగిసిపోయేది, రాతా ఉండేది కాదు, పుస్తకాలూ ఉండేవి కావు అన్న అర్థంలో రాసుకుంది. గుండె ఝల్లుమనే మాట. ఒక పేరాలో వాడుకోండి, పది పేజీలు నింపకండి. నవలకు ఒక ఇంటి ఆల్బమ్ కంటే ఎక్కువ పని ఉంది.

ఇప్పుడు మంచం కింది పుస్తకాలు తీయండి

గడులు నిండాక సిద్ధాంతం చదివితే మీకు అడగడానికి ప్రశ్నలు ఉంటాయి. ముందు వుల్ఫ్‌దే చదవండి. 1928 అక్టోబర్‌లో కేంబ్రిడ్జ్‌లోని రెండు ఆడపిల్లల కాలేజీల్లో ఇచ్చిన ఉపన్యాసాలను పెంచి 1929లో 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' వేసింది. ఆడది కథ రాయాలంటే ఏడాదికి ఐదు వందల పౌండ్లు, తనదంటూ ఒక గది కావాలని అందులో లెక్క చెప్పింది. 1931 నాటి ఉపన్యాసంలో, రాయనివ్వకుండా భుజం వెనక గుసగుసలాడే 'ఇంటి దేవత'ను సిరాబుడ్డి విసిరి చంపాల్సి వచ్చిందని చెప్పింది. నవలలో లిలీ పడే బాధకు ఈ రెండూ దగ్గరి చుట్టాలు.

తర్వాత ఒక తగువు చదవండి. తగువు చదివితేనే విమర్శ అంటే ఏంటో తెలుస్తుంది. ఎలైన్ షోవాల్టర్ అనే విమర్శకురాలు 1977లో వుల్ఫ్‌ను గట్టిగానే తప్పుపట్టింది. ఆడతనం, మగతనం రెండూ కలిసిన మనసు అనే మాట చాటున వుల్ఫ్ తన కోపం నుంచి తానే తప్పించుకుందని ఆమె వాదన. 1985లో టోరిల్ మోయ్ అనే ఇంకో విమర్శకురాలు దానికి జవాబిచ్చింది. వుల్ఫ్ రాసే తీరులోనే తిరుగుబాటు ఉందని, దాన్ని చూడకుండా అనుభవం కోసం వెతికితే ఎలా అని. మీరు ఎవరి పక్క అన్నది నవల పేజీ నంబర్లతో చెప్పండి. ఓపిక ఉంటే ఈ నవల మీద గాయత్రీ స్పివాక్ రాసిన 1980 నాటి వ్యాసం చూడండి, కష్టంగా ఉంటుంది, ఒక పేజీ అర్థమైనా లాభమే.

తెలుగులోంచి ఒకటే చెప్తాను. 1986లో స్త్రీ శక్తి సంఘటన అనే మహిళా బృందం తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్లు తమ నోటితో చెప్పుకున్న కథలు. పోరాటం పుస్తకాల్లో మగవాళ్ల పేర్ల మధ్య వీళ్లు ఎలా బ్రాకెట్లోకి పోయారో చదివాక, ఆ ఇంగ్లిష్ బ్రాకెట్ ఇంకోలా కనబడుతుంది.

ఆ గది ఎవరు ఊడ్చారు?

పోయిన ఏడాది పాలకుర్తి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చాకలి ఐలమ్మ నేల. ఇంట్లో మొదటి పీజీ. తల్లి ఇళ్లల్లో పనిచేస్తుంది. గడులన్నీ శుభ్రంగా నింపుకొచ్చింది గానీ ఒకచోట పెన్ను ఆగింది. రెండో భాగంలో ఇల్లు కడిగే ముసలామె మెక్‌నాబ్. డెబ్బైకి దగ్గరపడిన మనిషి, మోకాళ్ల నొప్పులు, ఏదో పాత పాట కూనిరాగం తీస్తూ పనిచేస్తుంది. కూలిపోబోతున్న ఇంటిని, బాస్ట్ అనే ఇంకో ముసలామెను తోడు తెచ్చుకుని నిలబెడుతుంది. ఆమె లేకపోతే లిలీ తిరిగి రావడానికి ఇల్లే లేదు. అంత పని చేసిన మనిషిని కథ చెప్పే గొంతు 'తెలివి లేనిది, ఆ సంగతి ఆమెకూ తెలుసు' అంటుంది.

"మేడం, లిలీ మనసుల ఏముందో అన్ని పేజీలు రాసింది. ఈమె మనసుల ఏం లేదా?" అంది ఆ పిల్ల.

నేను ఆమెకు నెల్లీ బాక్సాల్ గురించి చెప్పాను. 1916 నుంచి 1934 దాకా వుల్ఫ్ ఇంట్లో వంటమనిషి. ఈ నవల రాస్తున్న రోజుల్లో వంటింట్లో ఉన్నది ఆమే. ఇద్దరికీ నిత్యం గొడవలు, డైరీ నిండా నెల్లీ మీద విసుగే. తనదంటూ ఒక గది కావాలన్న రచయిత్రి ఇంట్లో ఆ గది ఊడ్చిందెవరన్న ప్రశ్న మీద అలిసన్ లైట్ 2007లో ఏకంగా ఒక పుస్తకమే రాసింది. వుల్ఫ్‌ను దించేయడానికి ఇది వాడకండి. మెక్‌నాబ్ దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు ఎందుకు తడబడిందో చూడటానికి వాడండి. తడబడినా ఆమెకు చోటు ఇచ్చిందన్నదీ రాయండి. ఆ కాలపు నవలల్లో ఇంటిని కాపాడిన ఘనత పనిమనిషికి దక్కడం మామూలు సంగతి కాదని నా ఉద్దేశం. ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఒప్పుకోనవసరమూ లేదు.

రాసేటప్పుడు

ఇంగ్లిష్‌లో మొదలుపెట్టకండి. మీ వాదనను ఒక్క తెలుగు వాక్యంలో, మీ అమ్మకు ఫోన్‌లో చెప్పగలిగేలా రాసుకోండి. 'ఈ నవలలో స్త్రీ సమస్యలను పరిశీలించడం' వాదన కాదు, నోటీసు బోర్డు. 'విందు నిలబడాలంటే లిలీ అబద్ధం ఆడాలి, ఆ అబద్ధం ఆడించేది ఇంకో ఆడది' అన్నది వాదన, ఎవరైనా కాదనగలరు. ఎవరూ కాదనలేనిది రాస్తే చదివేవాళ్లకు నిద్రొస్తుంది.

తర్వాత మూడు చోట్లు ఎంచుకోండి, నాలుగు వద్దు. ఒక్కో చోట నుంచి రెండు మూడు లైన్లకు మించి ఎత్తి రాయకండి. ఎత్తి రాసిన ప్రతి లైనుకు కింద మీ మాటలు కనీసం దానికి నాలుగింతలు ఉండాలి. మీకు ఎదురుగా వచ్చే సాక్ష్యం దాచకండి, ఆండ్రూ బ్రాకెట్ లాంటివి. వైవాలో ఎలాగూ అదే అడుగుతారు, ముందే రాస్తే మీదే పైచేయి.

ఒక సంగతి మరిచిపోయేదాన్ని. 1927లో ఇంగ్లండ్ ప్రతికీ అమెరికా ప్రతికీ కొన్ని వాక్యాలు వేరుగా ఉన్నాయి, ఆ బ్రాకెట్ వాక్యంతో సహా. కాబట్టి మొదటి పేజీ నుంచి చివరి దాకా ఒకే ప్రతి వాడండి, ఏది వాడారో రాయండి. కొనలేకపోతే దిగులు వద్దు. వుల్ఫ్ 1941లో పోయింది, మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది, నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఫోన్‌లో చదవకండి, పక్కన రాసుకోవడానికి చోటుండదు. చౌరస్తాలో ప్రింట్ తీయించుకోండి. ఇంట్లో చదవనివ్వకపోతే 1904 నుంచి ఉన్న మన హన్మకొండ గ్రంథాలయం, రాజరాజ నరేంద్ర భాషా నిలయానికి వెళ్లి కూర్చోండి, నేను పెళ్లయిన కొత్తలో అదే చేశాను.

పాలకుర్తి పిల్ల తన వాదనను వాళ్లమ్మకు ఫోన్‌లో చెప్పింది, మా వసారాలో కూర్చునే, స్పీకర్ పెట్టి. ఇల్లు, పదేళ్లు, దుమ్ము, ఇద్దరు ముసలోళ్లు కలిసి కడగడం, అంతా చెప్పింది. వాళ్లమ్మ ఓపికగా విని, "గంత పెద్ద ఇల్లు కడిగిండ్రా? మరి ఆమెకు కూలి ఎంతిచ్చిండ్రు బిడ్డా?" అంది.

పిల్ల నా వైపు చూసింది. పదహారేళ్లుగా చెప్తున్న నవల, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. రామ్సే భార్య నోట్‌బుక్‌లో ఊళ్లోవాళ్ల కూలి ఎంతో రాసుకునే గడి ఒకటి ఉంది కదా. ఆ పిల్ల తన నాలుగు గడుల పక్కన స్కేలు పెట్టి ఐదోది గీసి, రెండో భాగం మొదటి పేజీకి తిప్పింది.